పాప నన్ను పొమ్మంది

ఉద్యోగ విరమణకు నాకింకా మూడేళ్లున్నాయనగా, ఒక వేసవి చివర, మాధవి, కిరణ్ అనే దంపతుల ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. అప్పట్లో నేను మిషిగన్‌లో, డెట్రాయిట్‌కు దగ్గర్లోని ఒక దత్తత సంస్థలో సీనియర్ సోషల్ వర్కర్‌ని. వాళ్లుండేది ఆ దగ్గరి ఊరే, నోవైలో. భారతదేశం నుంచి ఒక పాపను తెచ్చుకోవాలనుకుంటున్నారు. పైగా తెలుగువాళ్లు. మా సూపర్‌వైజర్ లిండాకు ఆ చివరి కారణం ఒక్కటీ చాలు, ఫైలు నాకు తోసేసింది.

మా పనిలో మొదటి మెట్టు హోమ్ స్టడీ. పేరుకు ఇంటి పరిశీలనే గాని, పరిశీలించేది మనుషులను. ఆదాయం, ఆరోగ్యం, పోలీసు రికార్డు, పొగ అలారం మోగుతోందా, కోపం వస్తే ఇద్దరిలో తలుపు ధడాలున వేసేది ఎవరు, అన్నీ అడిగి రాయాలి. మాధవిది తెనాలి. కార్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టర్. కిరణ్‌ది కరీంనగర్, బ్రేకుల ఇంజనీరు. నేను నోరు తెరవకముందే రంగు రంగుల ట్యాబులు పెట్టిన బైండర్ ఒకటి నా చేతిలో పెట్టారు. నేను అడగబోయేవాటన్నిటికీ అందులో జవాబులున్నాయి. ‘పాప ఏడిస్తే’ అన్న విభాగమే పదకొండు పేజీలు.

“నవ్వితే ఏం చేస్తారు?” అని అడిగాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ విభాగం లేదు. నివేదికలో మాత్రం ‘సర్వసన్నద్ధులు’ అని రాశాను.

అనుమతులన్నీ వచ్చి వాళ్లు పుణె విమానం ఎక్కేసరికి ఏడాది దాటింది. పాప పేరు జుయి. రెండున్నరేళ్లు. దత్తత ఉత్తర్వు, కొత్త జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వీసా, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి రావాలి కాబట్టి వాళ్లు అక్కడ కొన్ని వారాలు ఉండక తప్పలేదు. రోజూ ఉదయం నేను కాఫీ తాగే వేళకు వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చేది.

మాధవి ఆఫీసులోని మరాఠీ స్నేహితురాలి దగ్గర ఇరవై వాక్యాలు బట్టీపట్టి వెళ్లింది. శిశుగృహంలో పాప ముందు మోకాళ్ల మీద కూర్చుని మొదటి వాక్యం అప్పజెప్పింది. జుయి అంతా శ్రద్ధగా విని, “నకో” అంది. వద్దు అని దాని అర్థం. రెండో వాక్యానికీ నకోనే. మూడోదానికి మాధవి ముక్కు పట్టుకుని తిప్పింది. కిరణ్ కళ్లద్దాలు లాక్కుని తలకిందులుగా పెట్టుకుంది. మర్నాడు హోటల్ గదిలో టీవీ రిమోట్ టీ కెటిల్‌లో దొరికింది. వీసా వైద్య పరీక్షలో డాక్టరుగారి స్టెతస్కోపు తీసుకుని ఆయన పొట్ట మీద పెట్టి, చెవులకేమీ తగిలించుకోకుండానే తల పంకించిందట. ఇవన్నీ చెబుతుంటే నేను పగలబడి నవ్వేదాన్ని.

తిరుగు ప్రయాణం గురించి విన్నప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

“ఏం పిల్ల మేడమ్! ఫ్లయిట్‌లో అందరి ఒళ్లో కూసున్నది. ఒక్కసారి ఏడ్వలే. ఎయిర్ హోస్టెస్‌లైతే ఫిదా,” అన్నాడు కిరణ్ గర్వంగా.

కొత్త చోట భయపడిన పసిపిల్ల తనవాళ్ల కోసం వెతుక్కోవాలి. ఎవరి ఒళ్లోకైనా వెళ్లిపోతోందంటే, కలుపుగోలుతనం అని అందరూ మెచ్చుకుంటారు గాని, ఆ పిల్ల లెక్కలో తనవాళ్లంటూ ఇంకా ఎవరూ లేరని మా వృత్తి చెబుతుంది. ఇలాంటి పిల్లలకు మొదటి నెలల్లో తిండి పెట్టడం, ఎత్తుకోవడం, దెబ్బ తగిలితే ఊరడించడం తల్లిదండ్రులు తప్ప ఇంకెవరూ చేయకూడదు. ఈ నియమాన్ని నేను తరగతుల్లో బోధించేదాన్ని. స్లయిడ్‌లు కూడా ఉండేవి.

దత్తత అయ్యాక కూడా కొన్నాళ్లు ఇంటికి వెళ్లి చూసి నివేదికలు రాయాలి. వాళ్లు ఇల్లు చేరిన రెండో వారం మొదటి సందర్శనకు వెళ్లాను. డిసెంబరు, బయట మంచు. నేను సోఫాలో కూర్చున్నానో లేదో జుయి పరుగున వచ్చి నా ఒళ్లో చతికిలబడింది. నా చెంప మీద చేయి వేసి, “ఆయీ” అంది. అమ్మా అని. శిశుగృహంలో తమను చూసుకునే ఆడవాళ్లందరినీ పిల్లలు అలాగే పిలుస్తారు. అది నాకు తెలుసు. అయినా ఆ పిలుపుకి నేను కరిగిపోయాను. బ్యాగులోంచి బిస్కెట్ తీసి పాప చేతిలో పెట్టాను. తలెత్తి చూస్తే వంటింటి గుమ్మంలో మాధవి, చేతిలో పప్పన్నం గిన్నెతో అలాగే నిలబడి ఉంది.

మర్నాడు ఆఫీసుకి ఫోన్ చేసింది.

“ఆంటీ, రిపోర్ట్‌లో మీరేం రాసినా సరే. ఒక్కటే అడుగుతాను. ఆ బిస్కెట్ ఎందుకిచ్చారు?”

అంతవరకు మేడమ్ అనే అమ్మాయి ఆంటీ అంది. ఆంటీ అని పిలిచి అడిగితే తప్పించుకోవడం కష్టం.

“తప్పు చేశాను,” అన్నాను.

“రోజంతా వెనకాల తిరిగేది నేను. పాప పడినా నా వైపు చూడదండీ. ఏడవదు. లేచి దులుపుకుని పోతుంది. మిమ్మల్ని మాత్రం రెండు నిమిషాల్లో అమ్మా అంది. నేను తల్లిగా ఫెయిలయ్యానని రాసేస్తారా?”

రాయనన్నాను. జరిగింది లిండాకు చెప్పాను. ఫైలు ఇంకొకరికి ఇవ్వమంటావా అని ఆవిడ అడిగింది. ఇవ్వవద్దన్నాను, నా స్లయిడ్‌లు నేనే మళ్లీ చదువుకున్నాను.

జనవరిలో వెళ్లేసరికి వాళ్ల తలుపు మీద కిరణ్ తెలుగులో రాసిన ఒక కాగితం అంటించి ఉంది: ‘దయచేసి పాపను ఎత్తుకోకండి. ఏమీ పెట్టకండి. మమ్మల్ని ఎత్తుకోవచ్చు.’ ఆ కాగితం వల్ల ఊళ్లో ముగ్గురు ఆంటీలు అలిగారని చెప్పాడు. జుయి చేతులు చాచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నేను కరెంటు స్తంభంలా కూర్చున్నాను. “అమ్మని అడుగు” అన్నాను. నీళ్లడిగితే అమ్మని అడుగు. బొమ్మ చూపిస్తే అమ్మకి చూపించు. కాసేపటికి పాప విసుగెత్తి నా హ్యాండ్‌బ్యాగ్ కార్పెట్ మీద బోర్లించింది, లిప్‌స్టిక్ తీసి నా ప్రభుత్వ ఫారం మీద, ‘బిడ్డ ప్రవర్తన’ అన్న గడిలో, ఎర్రగా గీతలు గీసింది. పిల్ల చేతులు చాస్తే ఎత్తుకోకుండా కూర్చోవడం నా సర్వీసు మొత్తంలో నేను చేసిన కష్టమైన పని.

ఫిబ్రవరిలో ఒక శనివారం మాధవి మళ్లీ ఫోన్ చేసింది. మాట తడబడుతోంది. ఏదో ప్రమాదం జరిగిందనుకున్నాను. నవ్వు ఆపుకోలేక అని తర్వాత తెలిసింది. వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ ఆవిడ జారి వెల్లకిలా పడింది. మెట్ల మీదున్న జుయి పకపకా నవ్వింది. అమ్మను చూసి అంతలా నవ్వడం అదే మొదటిసారి.

“మరి మీరేం చేశారు?”

“మళ్లీ పడ్డాను ఆంటీ. టెస్టర్‌ని కదా, రీప్రొడ్యూస్ అవుతుందో లేదో, మళ్లీ నవ్వుతుందో లేదో చూడాలి. నవ్వింది. ఇంకోసారి పడ్డాను. ఎదురింటాయన అంబులెన్స్ పిలవమంటారా అని అరిచాడు.”

ఆరోసారి కదలకుండా పడుకుని చూసిందట. జుయి నెమ్మదిగా దగ్గరికొచ్చింది, వంగి ముఖంలోకి చూసింది, గుప్పెడు మంచు తీసి అమ్మ కోటు కాలర్‌లో వేసింది. మాధవి కెవ్వుమంది. తర్వాత ఇద్దరూ కలిసి కిటికీలోంచి వీడియో తీస్తున్న కిరణ్ మీదికి మంచు విసిరారు.

ఆ మర్నాటి నుంచి పాప కొత్త ఆట మొదలుపెట్టింది. హాల్లో నడుస్తూ నడుస్తూ కావాలని పడిపోతుంది. కన్నీరు చుక్క ఉండదు, రాగం మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. కిరణ్ వెళ్తే “నువ్ కాదు!” అంటుంది. మాధవి వచ్చి ఎత్తుకుంటేనే ఆపుతుంది. రోజుకు ముప్పై సార్లు. తన నడుము పట్టేసిందని మాధవి ఫిర్యాదు చేసింది. అంత సంతోషంగా చేసిన ఫిర్యాదు నేనెన్నడూ వినలేదు.

మార్చి నెలాఖరున వెళ్లాను. బెల్ కొట్టగానే తలుపు వెనక అడుగుల చప్పుడు. తెరిచింది మాధవి. ఆవిడ పైజమా పట్టుకుని వెనక నుంచి ఒక కన్ను నన్ను చూసింది.

“రా జుయీ, ఆంటీకి హలో చెప్పు,” అంది మాధవి.

“వద్దు. ఆంటీ ఇంటికి పో,” అంది జుయి స్పష్టమైన తెలుగులో. తలుపు మూయబోయింది కూడా.

“సారీ ఆంటీ,” అంది మాధవి కంగారుగా.

“సారీ ఎందుకమ్మా?” అన్నాను. నలభై నిమిషాలు అక్కడున్నాను. పాప తల్లి ఒళ్లోంచి దిగలేదు. నేను పలకరించినప్పుడల్లా ముందు తల్లి ముఖం చూసి, తర్వాత నాకు నాలుక బయటపెట్టింది. కిరణ్ టీ ఇచ్చాడు. అది నేను తాగడం కూడా పాపకు నచ్చలేదు.

నివేదికలో ఇలా రాశాను: ‘బిడ్డ పరిశీలకురాలిని తిరస్కరించింది. తల్లిని వదలలేదు. పురోగతి సంతృప్తికరం.’ లిండా మొదటి వాక్యం దగ్గర ఆగి, ఇది సమస్య కాదా అని అడిగింది. మిగతా రెండూ చదవమన్నాను. చదివి సంతకం చేసింది.

తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చినప్పుడు ఈ కేసునే చెప్పేదాన్ని, నా బిస్కెట్‌తో సహా. పిల్లలకు మనం నచ్చడం మన ఉద్యోగంలో భాగం కాదు. నచ్చితే జాగ్రత్తగా ఉండాలి. వెళ్లిపొమ్మంటే తేదీ వేసి రాసుకోవాలి.