తాడు మీద పైకెళ్లిన పాలు

ఆ సైటులో ఆమెను అందరూ క్రేనక్క అనేవారు. పద్దెనిమిది అంతస్తుల భవనం లేస్తున్న చోట, దానికంటే ఎత్తున నిలబడ్డ టవర్ క్రేన్ కొసన, అద్దాల గదిలో కూర్చుని ఇనుపచువ్వల కట్టల్నీ కాంక్రీటు తొట్టెల్నీ ఎత్తి దించడం ఆమె పని. ఇరవై ఏళ్ల కిందట ఇలాంటి సైట్లలోనే ఇటుకలు మోసింది. మోస్తూ మోస్తూ తలెత్తి క్రేను వంక చూసేది. చూసి ఊరుకునే రకమా? నేర్చుకుంది, పరీక్షకు కూర్చుంది, మొదటిసారి తప్పింది, రెండోసారి లైసెన్సు చేతబట్టుకుని వచ్చింది. పన్నెండేళ్లుగా ఆ కుర్చీ ఆమెది. ఆమె తొట్టె దించితే పూలబుట్ట దించినట్టు ఉంటుందని కింది వాళ్లు చెప్పుకునేవారు.

అంతటి మనిషికీ కుర్చీ ఊడే గతి పట్టింది. కారణం కడుపు. ఇందులో సిగ్గుపడి లాభం లేదు, ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. పైన గదిలో మరుగుదొడ్డి ఉండదు. నిచ్చెనలు దిగడానికి పావుగంట, మళ్లీ ఎక్కడానికి ఇరవై నిమిషాలు. అంతసేపూ కింద నలభై మంది చేతులు ముడుచుకుని నిలబడాలి. మూడు నెలలుగా, పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆమె కడుపు ఉబ్బడం, గడగడమనడం, మెలిపెట్టడం, వాకీటాకీలో "తమ్ముడూ, దిగుతున్నా" అనడం మామూలైపోయింది.

కింద నోళ్లు ఊరుకుంటాయా? వయసు మీద పడింది, పైన కూర్చోవాలంటే దడ పుడుతోంది, పైకి చెప్పలేక కడుపు వంక పెడుతోంది అన్నారు. కుండ నోటికి మూకుడు పెట్టగలం గానీ లోకం నోటికి పెట్టగలమా! అసలు బాధ అది కాదు. వినగా వినగా ఆమెకే అనుమానం మొదలైంది. నిజంగా తనకు భయమేస్తోందా? పన్నెండేళ్లు లేని భయం ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే ఆ ఆలోచన వచ్చేది, వెంటనే కడుపులో ఏదో కదిలినట్టుండేది.

ఒకరోజు ఇంజినీరు పిలిపించాడు. ఆయన కర్కోటకుడేం కాదు.

"చూడమ్మా, మీ పనికి వంక పెట్టను. కానీ బరువు గాల్లో ఉండగా మీకు బాగోకపోతే కిందున్న వాళ్ల గతేంటి? నెలాఖరుకి ముందే పోసిపెట్టిన మెట్ల వరుసలు పైకి ఎత్తాలి. ఆరు వరుసలు, పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా ఆపడానికి వీల్లేదు. ఈలోగా ఒళ్లు చూపించుకోండి. ఆ రోజు కూడా మధ్యలో దిగితే మాత్రం కుర్చీ ఇంకొకరికి ఇస్తాను. మీకు కిందే ఏదో పని చూస్తా."

కిందే ఏదో పని! ఆ మాట గుండెలో ముల్లులా దిగబడింది. మూడు వారాలే గడువు.

ఇంట్లో ఉండేది ఆమే, అత్తగారే. భర్త లారీ డ్రైవరు, వారంలో రెండు రోజులు కనిపిస్తే గొప్ప. అత్తగారికి కోడలంటే ప్రాణం. ఆ ప్రాణాన్నంతా గ్లాసుల్లో పోసి తాగించే మనిషి. జ్వరమొస్తే పాలు, నీరసమొస్తే పాలు, కోపమొచ్చినా పాలే. కడుపు బాగాలేదని కోడలు నోరు జారిందో లేదో, "పాలు చలవే. పొద్దున్నే ఇంకేం తినకు, ఇవి తాగు చాలు" అని ఫ్లాస్కు నిండా నింపి పంపడం మొదలుపెట్టింది. కోడలు కూడా, పైకెక్కే మనిషికి తేలిగ్గా ఉండటమే మంచిదని, పొద్దుటి తిండి మానేసి పాల మీదే ఉంది. కడుపు మరింత పాడైంది. అత్తగారు ఫ్లాస్కు సైజు పెంచింది.

ఈ అత్తగారికీ ఒక వింత అలవాటు ఉంది. పదిహేనేళ్లుగా వీధి మలుపు దాటి ఎరగదు. సొంత చెల్లెలి ఇల్లు బస్సులో గంట ప్రయాణం, అక్కడికీ పోదు. ఎవరైనా రమ్మంటే "నేనొస్తే ఇల్లెవరు చూస్తారు?" అంటుంది. రెండు గదుల ఇంటికి అంత కాపలా ఏమిటని కోడలు నవ్వేది, ఆవిడ మాట మార్చేది.

ఇక సిగ్నల్ తమ్ముడి సంగతి. బుర్రమీసాల మనిషి. కింద నిలబడి, ఏది ఎత్తాలో ఎక్కడ దించాలో వాకీటాకీలో క్రేనక్కకు చెప్పేది అతనే. నిచ్చెనకు రెండు చేతులూ కావాలి కాబట్టి ఆమె సంచీతో ఎక్కదు. పైకి చేరాక కిటికీలోంచి సన్నటి తాడు వదులుతుంది, తమ్ముడు దానికి సంచి కడతాడు. గడువులో మొదటి వారమే అతను సంచి కడుతూ పొరపాటున ఇనుపస్తంభానికి కొట్టాడు. లోపల గాజు ఫ్లాస్కు పుటుక్కుమంది. కొత్తది కొనేదాకా నాలుగు రోజులు పాలు పైకెళ్లలేదు. అయిదో రోజు వెళ్లాయి.

ఆ అయిదో రోజు ఆమె దిగి, మొహం కడుక్కుని వస్తుంటే తమ్ముడు దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కా, ఒక మాటంటాను, తిట్టకు."

"తిట్టే ఓపిక కూడా లేదురా. చెప్పు."

"నాలుగు రోజులు నువ్వు దిగలేదు."

"అవును."

"నాలుగు రోజులూ ఫ్లాస్కు లేదు. ఇవాళ ఫ్లాస్కు ఎక్కింది, నువ్వు దిగావు. తాడుకి ఏం కడుతున్నానో చూసుకోవడమేగా నా పని. భయమూ లేదు, గియమూ లేదు. అత్తగారి పాలే నిన్ను దింపుతున్నాయి."

ఆమె అక్కడే సిమెంటు బస్తా మీద కూలబడింది. ఆ నాలుగు రోజులూ సాయంత్రం ఇంట్లో తాగిన పాలకి ఇంట్లోనే తంటా పడింది. కానీ ఇంట్లో వస్తే ఎవరు పట్టించుకుంటారు? నాలుగడుగుల్లో మరుగుదొడ్డి ఉంటుంది కదా. భయం కాదు, భయం కాదు అని లోపల ఎవరో పాడుతున్నట్టనిపించి, ఉన్నట్టుండి నవ్వొచ్చింది. కళ్లనీళ్లు కూడా వచ్చాయి.

డాక్టరమ్మ అదే చెప్పింది. "పాలలో ఉండే చక్కెర మీకు అరగడం లేదు. వయసు పెరిగే కొద్దీ చాలామందికి వస్తుంది, కంగారు పడక్కర్లేదు. మానేసి చూడండి. బదులుగా సోయా, బాదం, ఓట్స్ లాంటి వాటితో చేసిన మొక్కల పాలు దొరుకుతాయి. తెల్లగా ఉంది కదా అని ఏదో ఒకటి కొనొద్దు, డబ్బా పక్కన రాసింది చదవండి. చక్కెర కలపనిది, కాల్షియం కలిపినది, మాంసకృత్తులు బాగా ఉన్నది చూడండి. రోజూ నిచ్చెనలెక్కే మోకాళ్లు మీవి."

ఇంజినీరుకు చెప్పడం తేలికే, అత్తగారికి చెప్పడమే గండం. విన్నాక ఆవిడ చాలాసేపు గిన్నె తోముతూనే ఉంది.

"అంటే ఇన్నాళ్లూ నేను పోసింది విషమా?"

"తప్పు మీ చేతిది కాదత్తయ్యా, నా కడుపుది."

ఆవిడ ఒక పూటంతా అలిగింది. మర్నాడు కోడలు మూడు రకాల డబ్బాలు తెచ్చి బల్ల మీద పెడితే మాత్రం ఆగలేక వచ్చి చూసింది. "తెల్లనివన్నీ పాలు కావని పెద్దలు ఊరికే అన్నారా!" అని మొదటి దెబ్బ వేసింది.

బాదం పాలు టీలో పోస్తే విరిగి పలుకులు పలుకులుగా తేలాయి. డబ్బా పక్కన చదివితే అందులో బాదం నూటికి రెండు పాళ్లు. "బాదంపప్పుకి స్నానం చేయించిన నీళ్లే ఇవి" అంది అత్తగారు. ఓట్స్ పాలు రుచిగానే ఉన్నాయి. కానీ ఆవిడ అలవాటు కొద్దీ పొంగేదాకా కాస్తానని పొయ్యి దగ్గర నిలబడింది. అవి పొంగలేదు సరికదా, జిగురులా చిక్కబడి గరిటెకు అతుక్కున్నాయి. "గోడకి కాగితాలు అంటించుకోవచ్చే" అంది. పైగా ఆ డబ్బాలో చక్కెర కూడా కలిపారు. మిగిలింది సోయా పాలు. పచ్చిగింజల వాసన కొట్టింది గానీ, చదివితే డాక్టరమ్మ చెప్పినవన్నీ ఉన్నాయి. రెండు రోజులు తంటాలు పడి అత్తగారే దారి కనిపెట్టింది. కాల్షియం అడుక్కి దిగకుండా డబ్బాని బాగా ఊపి, చిన్న దాల్చినచెక్క ముక్క వేసి సన్నటి సెగ మీద వేడిచేస్తే వాసన పోయింది.

"ఇద్దరికి రెండు రకాల పాలు ఎవరు కాస్తారు? నేనూ ఇవే తాగుతాలే" అని ఆవిడ ఇంటికి వచ్చే మామూలు పాలు కూడా మాన్పించింది. చేసిన తప్పుకు శిక్షేసుకుంటోందేమోనని కోడలు నొచ్చుకుంది.

మెట్ల వరుసలు ఎత్తే రోజు వచ్చింది. కింద ఇంజినీరు ఉన్నాడు. ఆయన పక్కన ఇంకో ఆపరేటరు చేతికి తొడుగులు కూడా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. అతన్ని చూడగానే ఆమెకు ఒళ్లు మండింది. పైకెక్కి తాడు వదిలింది. ఫ్లాస్కు వచ్చింది. మూత తీయబోయి ఆగింది. ఇవాళ పెద్ద పని అని రాత్రి అత్తయ్యకు చెప్పింది. బలం కావాలని ప్రేమకొద్దీ మళ్లీ పాత పాలు పోసి ఉంటే? మూత తీసి వాసన చూసింది. దాల్చినచెక్క, దాని వెనక సన్నగా సోయా. "హమ్మయ్య" అనుకుని రెండు గుక్కలు తాగి, కుర్చీలో కూర్చుంది.

ఒకటో వరుస లేచింది. రెండోది. తొమ్మిదైంది. కడుపు తన మానాన తాను ఉంది. నాలుగో వరుస దించుతుంటే గాలి కాస్త ఊపింది. కిందికి చూసింది, గుండె బెదరలేదు. ఎప్పుడూ బెదరలేదు. పదకొండుకు పది నిమిషాలుండగా ఆరోది తన చోట కూర్చుంది. తమ్ముడు వాకీటాకీలో "అయిపోయిందక్కా" అన్నాడు. ఇంకో ఆపరేటరు తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంజినీరు పైకి చూసి చెయ్యి ఊపాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"అక్కా, గేటు దగ్గర చూడు. గొడుగేసుకున్న పెద్దావిడ. నీ మనిషినంటోంది."

అద్దానికి మొహం ఆనించి చూసింది. గవ్వంత గొడుగు. ఆ నడక ఆమెకు తెలుసు. వాకీటాకీలో గరగరమని చప్పుడు, తర్వాత అత్తగారి గొంతు.

"ఏమే, వినపడుతోందా?"

"అత్తయ్యా! మీరెలా వచ్చారు?"

"బస్సులో. గంటంబావు పట్టింది." కాస్త ఆగింది. గొంతు తగ్గించింది గానీ, ఆ వాకీటాకీలో సైటంతా వింటుందని ఆవిడకేం తెలుసు! "దారిలో ఎక్కడా దిగే అవసరం రాలేదే. నీ జబ్బే నాదీనూ. పదిహేనేళ్లుగా. ఎవరితో చెప్పుకోను? అందుకే ఇల్లు పట్టుకుని కూర్చున్నా. ఆ సోయా మొదలెట్టాక పోయింది."

క్రేనక్క అద్దంలోంచి ఆ గొడుగునే చూసింది. పన్నెండేళ్లుగా తన పని చూడ్డానికి రమ్మంటే రాని మనిషి. ఇన్నాళ్లూ ఆ ఇంటి కాపలాకు తను నవ్వింది. కళ్లు తుడుచుకుంది.

"అక్కడే ఉండండత్తయ్యా, వచ్చేస్తున్నా."

"వద్దు వద్దు, ఉన్నపళాన దిగకు. నీ పని చూసుకునే రా" అంది అత్తగారు. "నాకేం తొందర లేదు."