తియ్యనీళ్ల బావి కింద ఏరు

2009 వానాకాలం. నంద్యాలలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో మూలగది అద్దెకు తీసుకుని, ఆళ్లగడ్డలోని ఒక కోచింగ్ సెంటరుకు ఆన్‌లైన్‌లో భూగోళం చెప్పేవాణ్ణి. టీచరు పోస్టుల పరీక్షకు చదివేవాళ్లు అక్కడ ప్రొజెక్టరు బొమ్మ పడే గోడ ముందు కూర్చునేవారు. స్క్రీన్ షేరింగ్ అంటే, నా కంప్యూటర్లో నేను జరిపిన పటం వాళ్ల గోడ మీద జరగడం. జరిగినంతసేపే నాకు ప్రాణం కుదుటపడేది. బొమ్మ ఆగి మధ్యలో చక్రం తిరగడం మొదలైతే కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగేవాణ్ణి.

శాటిలైట్ పటం తెరిస్తే చాలు, పాఠం మూలన పడేది. "సార్, మా ఇల్లు సూపీండి" అని ఒకటే గోల. సిలబస్ వెనకబడుతోందని నాకు చిరాకు. రమణమ్మ అనే అమ్మాయి మరీ మొండిది. ఆళ్లగడ్డకు పడమరగా కుందూ ఏటి పక్క పల్లె ఆమెది. ఇల్లు కనబడేదాకా వదల్లేదు.

"అదో సార్, రేకుల ఇల్లు. పక్కన బాయి. ఊరంతా ఉప్పునీళ్లే, మా బాయొకటే తియ్యగుంటాది. అందుకే మా నాయన ఆడ కట్టినాడు."

అప్పుడే నా చూపు ఇంకోదాని మీద పడింది. నల్లరేగడి చేల మధ్య లేత రంగు మెలిక ఒకటి కుందూ నుంచి విడిపోయి, ఆ ఇంటి మీదుగా పోయి, మళ్లీ కుందూలో కలుస్తోంది. దీన్ని పాలియో చానల్ అంటారు. నది ఎప్పుడో వదిలేసిన పాత దారి. అడుగున ఇసుక ఉంటుంది, అందుకే అక్కడి నీళ్లు తియ్యన. మంచి ఉదాహరణ దొరికిందని సంబరపడి, ఇసుక తొట్టిలో నీళ్లు వదులుతూ తీసిన వీడియో కూడా వేశాను. అందులో నీళ్లు ఎక్కువయ్యేసరికి పాత దారి మళ్లీ తెరుచుకుంది.

కొన్నాళ్లకు ముసురు పట్టుకుంది. పొద్దున ఇంటర్నెట్ సెంటరుకు పోతూ కుందూ వంతెన దగ్గర ఆగాను. బురదనీళ్లు వంతెనను ఒరుసుకుంటూ పోతున్నాయి. ఇవి సాయంత్రానికి రమణమ్మ ఊరు చేరతాయి. క్లాసయితే మొదలుపెట్టాను గానీ పాఠం సాగలేదు. రమణమ్మను అడిగాను.

"మీ అమ్మ ఎక్కడుందమ్మా?"

"ఇంటికాడే సార్, ఎనుములతో."

"వెంటనే మిట్టకు పొమ్మను."

రమణమ్మ ఫోను కలిపి మైకు దగ్గర పెట్టింది. తల్లి ఈశ్వరమ్మ గొంతు ఖంగున మోగింది.

"ఏందయివారూ, యాడికి పోవల్ల? నేను కాపరానికొచ్చినకాడ్నించి ఏరు ఈ పక్కకు తిరిగి సూడలే."

నా దగ్గరున్నది పటమేగాని పంచాంగం కాదు. నీళ్లు రాకపోతే, వానలో గేదెల్ని తోలుకుపోయిందని ఊరంతా ఆమెను చూసి నవ్వుతుంది. వస్తే? నాకు చెప్పలేనంత భయమేసింది.

"అమ్మా, మీ బావి తవ్వినప్పుడు ఏం పడింది?"

"ఇసక."

"ఊళ్లో మిగతా బావుల్లో?"

"నల్లమన్నే."

"ఆ ఇసుకను తెచ్చి పోసింది ఏరే. మీ ఇల్లు దాని దారిలో ఉంది."

"ఎనుముల్ని ఇప్పుతాండా" అంది ఈశ్వరమ్మ. అంతలో ఆళ్లగడ్డ లైను తెగిపోయింది.

ఆ రోజంతా ఎవరికి చేసినా ఫోను కలవలేదు. అన్నం సయించలేదు, కూర్చోబుద్ధి కాలేదు. మర్నాడు రమణమ్మే చేసింది. "మాయమ్మ మిట్ట మీద బడిలో ఉండాది సార్. ఇల్లు పోయినాది." అంటూ ఏడ్చింది. ఇటువైపు నేనూ ఏడ్చాను.

క్లాసులు మళ్లీ మొదలయ్యాక ఒకరోజు వెబ్‌క్యామ్‌లో రమణమ్మ పక్కన ఒక పెద్దావిడ కనిపించింది.

"అయివారూ, నీ పటంలో నా ఇల్లు ఇంగా ఉండాదంటనే. ఓసారి సూపీ."

శాటిలైట్ ఫొటో వరదకు ముందుది. రేకులు, బావి, ఎనుముల కొట్టం అన్నీ అలాగే ఉన్నాయి. ఈశ్వరమ్మ గోడ దగ్గరికి పోయి ఆ రేకులను అరచేత్తో తడిమింది. పటం జరపడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆ రోజు రమణమ్మ ఇల్లు వెతకడం దండగనుకున్నాను. ఆ వెతుకులాటే లేకపోతే ఈశ్వరమ్మ లేదు. ఇప్పుడు ఏ క్లాసైనా ముందు ఎవరిల్లు వాళ్లకు చూపిస్తాను. కనబడ్డాక అడుగుతాను, "మీ బావి నీళ్లు ఎట్లుంటాయి?" అని.