గడప కింద ఐదో లూపు

రిటైర్ కావడానికి ఏడాది ముందు, నవంబరు మొదటి వారంలో, ఈ చలిదేశంలోని హామిల్టన్‌లో ఒక ఇంటి పైఅంతస్తు తనిఖీ నాకు అప్పగించారు. అప్పట్లో నేను ఒక కన్సల్టింగ్ కంపెనీలో సీనియర్ మెకానికల్ ఇంజినీరును. బిల్డరు తరఫున హీటింగ్ పనులు చూసి రిపోర్టు రాయడం నా బాధ్యత. నా సంతకం పడనిదే తర్వాతి పని మొదలు కాదు. నాకు అనుమానం జాస్తి. మా ఆవిడ దాన్ని రోగమంటుంది, ఆఫీసులో మాత్రం అర్హతగా లెక్కేసేవారు.

ఆ పని నేల కింద హీటింగు, అంటే పైపుల్లో వేడినీళ్లు తిప్పి గదులను వెచ్చబరచడం. కింది అంతస్తులో అయితే పైపులను కాంక్రీటులోనే పూడ్చేస్తారు. పైఅంతస్తు దూలాలు అంత బరువు మోయలేవు. అందుకని ప్లైవుడ్ మీద వేలంత లావు ప్లాస్టిక్ పైపులు వంపులు తిప్పి పరిచి, వాటిపైన పలుచగా జిప్సం పోస్తారు. ఒక్కో గదికి వెళ్లొచ్చే పైపును లూపు అంటాం. లూపులన్నీ గోడలో ఒక ఇత్తడి అమరిక దగ్గర కలుస్తాయి. జిప్సం పోసేముందు అక్కడ ఒత్తిడి చూపే గేజీ బిగించి, పైపుల్లో గాలి నింపి, ఒక రోజంతా ముల్లు నిలబడుతుందో లేదో చూడాలి. పోశాక లీకు బయటపడితే నేల పగలగొట్టాల్సిందే.

బుధవారం ముల్లు అరవై దగ్గర నిలబడింది. శుక్రవారం వెళ్లేసరికి నలభై ఒకటి చూపిస్తోంది. సోమవారం జిప్సం పోయాలి.

పైపులు వేసినతను సుధాకర్, కరీంనగర్ వాడు, నలభై దాటిన మనిషి. పన్నెండేళ్లు ఇతరుల దగ్గర పనిచేసి, ఆ ఏడాదే సొంతంగా కాంట్రాక్టు మొదలుపెట్టాడు. ఈ బిల్డరు దగ్గర ఇదే అతని మొదటి ఇల్లు. ఇది సవ్యంగా ముగిస్తే దగ్గర్లోని కేంబ్రిడ్జ్ ఊళ్లో మరో రెండిళ్లు ఇస్తామన్నారట. నేను వెళ్లేసరికి గేజీ పక్కన గాలి పంపు గొట్టం తగిలించే ఉంది. ఎంత సేపట్లో ఎంత పడుతోందో చూద్దామని పొద్దున మళ్లీ అరవైకి నింపాను, అప్పుడే నలభై ఒకటికి దిగిందన్నాడు. నేను నమ్మలేదు. నేను వచ్చే వేళకు ముల్లు పైకెక్కించి కళ్లకు గంతలు కడదామనుకున్నాడని నిశ్చయించుకున్నాను. పైగా మాట్లాడుతున్నంతసేపూ అతను నా మొహం వైపు చూడలేదు.

ఒక్కో లూపునూ విడిగా మూసి చూశాం. పడిపోతున్నది ఐదోది, పూజగదికి వెళ్లేది. అతను పైపు పొడవునా సబ్బునీళ్లు రాశాడు. లీకున్నచోట బుడగలు రావాలి. ఎక్కడా రాలేదు. గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయాడు. అక్కడ కొత్త గడప ఉంది, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి. ఇక్కడి వడ్రంగులకు గడప అంటే ఏమిటో తెలియదు కనుక ఇంటాయన రంగారావుగారు స్వయంగా బిగించారు. రిటైరైన సివిల్ ఇంజినీరు. ముందురోజు, గురువారం, ముహూర్తం బాగుందట. పైపులు పట్టడానికి అడుగున రెండు గాడులు కూడా నీటుగా చెక్కారు. నేను ఆయన పనితనాన్ని మెచ్చుకుని, గడప తొక్కకుండా దాటి లోపలికి వెళ్లాను.

"సార్, గడప ఒక్కసారి తీసి చూద్దాం. పైపు నేను మంచిగనే వేసిన," అన్నాడు సుధాకర్ మెల్లగా.

"నీ తప్పు తీసుకెళ్లి దేవుడి గది మీద పెడతావా?" అన్నాను.

నేను కిందికి దిగి వెళ్లాను. కారులో కూర్చుని రిపోర్టు రాశాను: ఐదో లూపు లీకు, పనిలో అశ్రద్ధ, దాచే ప్రయత్నం చేసినట్లు అనుమానం. అక్కడి నుంచే బిల్డరుకు పంపేశాను. మర్చిపోయిన టార్చిలైటు కోసం మళ్లీ లోపలికి వెళ్తే, డాక్టర్ రామలక్ష్మిగారు, అంటే రంగారావుగారి భార్య, మెట్ల మీద ఎదురయ్యారు. సుధాకర్ ఆవిడను కూడా అడిగాడట.

"గడప మళ్లీ పెట్టుకోవచ్చండీ. తీసి చూడండి. ముహూర్తాలకేం, బోలెడున్నాయి," అన్నారావిడ.

రంగారావుగారే స్క్రూలు విప్పారు. మూడోది వంకరగా దిగి, గాడిలోని పైపు పక్కను చీల్చింది. స్క్రూ అందులోనే ఉండడంతో గాలి కొద్దికొద్దిగా పోతోంది. ఆయన ఆ స్క్రూను అరచేతిలో పెట్టుకుని చూశారు. తర్వాత సుధాకర్‌ని క్షమించమన్నారు. నేను అనలేదు. మా ముగ్గురిలో ఎవరికీ ఆ పసుపు గడప మీద సబ్బునీళ్లు పోయడానికి చెయ్యి రాలేదు. తీసి చూడాలని అడిగినవాడు సుధాకర్ ఒక్కడే. మేమిద్దరం ఇంజినీర్లం.

సుధాకర్ ఆ లూపు మొత్తం తీసేసి, అతుకు లేకుండా కొత్తది వేశాడు. ఆదివారం సాయంత్రానికి ముల్లు కదలలేదు. సవరించిన రిపోర్టు పంపి, దాని కాపీ అతని చేతికిచ్చాను. నిలబడే చదివాడు.

"ఇది రెండోది సార్. వాళ్లు మొదటిదే చదివిన్రు," అన్నాడు.

కేంబ్రిడ్జ్ ఇళ్లు శనివారమే వేరేవాళ్లకు వెళ్లిపోయాయి. బిల్డరుకు రెండుసార్లు ఫోన్ చేశాను, లాభం లేకపోయింది.

తనిఖీకి వెళ్లినవాడు చూసింది రాయాలి, చూడనిది చూడలేదని రాయాలి. ఆ శుక్రవారం నేను గడప కింద చూడలేదు. రిపోర్టులో ఆ ఒక్క వాక్యం ఉండాల్సింది.