తేనెటీగలకు కనపడని వెలుగు

ఏలీయాకు ఎడమ చెవి వినపడదు. జమ్మలమడుగు దగ్గరున్న వాళ్ల ఊళ్లో రెండు వర్గాల వాళ్లు నాటుబాంబులు విసురుకున్న రోజు అతను బడి నుంచి ఇంటికొస్తున్నాడు. అప్పటికి ఆరేళ్లు. ఆ తర్వాత తల్లి అన్నమ్మ అతన్ని ఊళ్లో ఉంచలేదు. ప్రొద్దుటూరులో రేడియోలు బాగుచేసే హబీబుల్లా దగ్గర పెట్టింది. సోల్డరింగ్ అక్కడే నేర్చాడు, పెళ్లీ పిల్లలూ అక్కడే.

2014 ఎన్నికలకు ఊరి బడిలో పోలింగ్ అన్నారు. బడి చెక్క అటకలో ఏనాటి నుంచో తేనెటీగలున్నాయి. కిరసనాయిలు పోసి కాల్చేద్దామని ఒక వర్గం అంటే రెండో వర్గమూ సరేనంది. ఆ రెండూ ఒక్క మాట మీదికి రావడం ఊరెరగదు.

ఆదివారం ఊరి చర్చికి ప్రార్థనకు వచ్చిన ఏలీయా ఆ మాట విన్నాడు.

"కాల్చొద్దప్పా. నేను పెట్టెలోకి దించుతా."

పులివెందుల చీనీ (బత్తాయి) తోటల్లో ఈగలు పెంచే మనిషొకడు, ఎరుపు రంగు ఈగల కంటికి ఆనదని ఒకసారి అతనికి చెప్పాడు. ఏలీయా ప్రొద్దుటూరు పోయి తలకు కట్టుకునే లైటు ఒకటి విప్పాడు.

"ఎర్రకాగితం అతికిస్తే పోలా?" అన్నాడు హబీబుల్లా.

"వెలుగు సాలదు మామా. రాణీగను ఎతకాల."

తెల్ల ఎల్ఈడీలు పీకి ఎర్రవి అతికించాడు. మొదటిది మాడిపోయింది. ఎరుపుకు అంత వోల్టేజి అక్కర్లేదు. రెసిస్టర్ మార్చాడు, నిలిచి వెలిగింది.

మర్నాడు మధ్యాహ్నం బడికి ఒక వర్గం నుంచి ఆదినారాయణ, రెండో వర్గం నుంచి ఓబులేసు వచ్చారు. మంచిపేరు అవతలివాడికి పోకూడదని ఇద్దరి పంతం. నిచ్చెన ఊగుతుంటే చెరోవైపు పట్టుకోక తప్పలేదు.

"ఏ పార్టీ రంగురా అది?" అన్నాడు ఆదినారాయణ.

"ఈగలకు కనపడని రంగు, అన్నా."

అటక చీకటిగా, వెచ్చగా ఉంది. మైనం వాసన. ఎర్రటి వెలుగులో ఏలీయా తలెత్తాడు. పలకలు వేలాడదీసినట్టు వరసగా తేనెపట్లు, ఒక్కోదాని మీద మెరిసే రెక్కల పొర. ఒక్క ఈగా లేవలేదు. వినపడే చెవి దగ్గరగా పెట్టాడు. దూరాన చర్చిలో అందరూ ఒకేసారి ప్రార్థన చేస్తున్నట్టుంది. మెల్లగా చెయ్యి పెట్టాడు. ఈగలు వేళ్లమీదికి నడిచొచ్చాయి.

చాలాసేపటికి పొడవాటి రాణీగ కనిపించింది. గుప్పిట్లో పట్టి, వెంట తెచ్చిన పెట్టెలో విడిచాడు. పెట్టె వాకిట్లో కొన్ని ఈగలు తోకలెత్తి, రాణి ఇక్కడుందని వాసన చాటుతూ రెక్కలాడించాయి. అంతే, అటకలోని ఈగలన్నీ బారులు తీరి నడవసాగాయి.

"ఏందిరా, సప్పుడే లేదు?" ఓబులేసు గొంతు.

"పైకి రా మామా. మెల్లంగా."

ఓబులేసు ఎక్కాడు. కాసేపటికి అక్కడినుంచే కిందికి గుసగుసగా అన్నాడు, "ఆదన్నా, నువ్వూ సూడాల." పదేళ్లకు పైగా అతను ఆదినారాయణను పేరు పెట్టి పిలవలేదు. ఆదినారాయణ కూడా ఎక్కాడు. అటక అంచున ముగ్గురూ పక్కపక్కన పడుకుని, చివరి ఈగ లోపలికి పోయేదాకా చూశారు.

పెట్టె పులివెందుల తోటకు చేరింది. పోలింగ్ జరిగింది. అటు తర్వాత కూడా రెండు వర్గాలు రెండుగానే ఉన్నాయి. కానీ ఏ ఊళ్లో పట్టు కనబడినా ఏలీయాకు ఫోన్ వచ్చేది. భయం వెయ్యలేదా అని అడిగితే ఇప్పటికీ ఒకటే చెబుతాడు:

"లేదన్నా. చెయ్యి ఎనక్కి తీయబుద్ధి కాల్యా."