మొదట తగిలిన నమూనా

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఆమెను అందరూ ‘జల్లెడ’ అంటారు. చేరినప్పుడు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఫోన్లెత్తడమే పని. జనం తిట్లతో చెవులు తూట్లుపడి, సెలవురోజుల్లో అక్క కంప్యూటర్‌తో కుస్తీపట్టి మెసేజిల్ని జల్లించే ఒక పైథాన్ స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాసింది; ఆ పేరు దానివల్లే వచ్చింది. జనం ఫోనుకు బదులు పంపే ప్రతి మెసేజినీ అది కొన్ని రెగెక్స్ నమూనాలతో, అంటే వెతకాల్సిన మాటల అచ్చులతో, వరసగా పోల్చి చూస్తుంది. ‘సర్వీసు’ తగిలితే సర్వీసు పెట్టెలోకి, ‘బిల్లు’ తగిలితే బిల్లుల పెట్టెలోకి, ‘ఇరుక్కు’ తగిలితే నేరుగా మెకానిక్ ఫోనుకి. ఏదో ఒకటి తగలగానే ఆగిపోతుంది. ఆ చురుకుదనం చూసుకుని ఆమె మురిసిపోయేది.

ఒక ఉదయం ఇలా వచ్చింది: ‘నిన్న సర్వీసు చేసి వెళ్లారు. ఇవాళ మా అమ్మ లోపల ఇరుక్కుపోయింది.’

వరసలో ‘సర్వీసు’ ముందుంది. ఆ పెట్టెను భోజనాలయ్యాక తీరుబడిగా తెరుస్తారు. కొడుకు ఆగలేక ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది. మెకానిక్ పరుగున వెళ్లి తలుపు తీసేసరికి ఆవిడ చెమటతో తడిసి, గోడకు చేరగిలబడి ఉంది.

“సాయంత్రంలోగా బాగుచెయ్యి. లేదంటే నీ జల్లెడ చెత్తబుట్టలోకి, నువ్వు మళ్లీ ఫోన్ల దగ్గరికి,” అన్నాడు మేనేజరు.

ఆమె ‘ఇరుక్కు’ను అన్నిటికంటే పైకి తెచ్చింది. వెనక నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న మెకానిక్ తల అడ్డంగా ఊపాడు.

“బాగానే ఉంది గానీ అమ్మాయ్, ‘మేం ఇరుక్కున్న రోజుకి కూడా బిల్లు వేస్తారా’ అని ఎవడో రాస్తాడు. నేను పరిగెత్తుతాను. బిల్లు సంగతి ఎవరు చూస్తారు?”

ఆమె స్క్రిప్టును మొదటినుంచి చదివింది. తర్వాత, తగలగానే ఆగమన్న మాటనే తీసేసింది.

“ఇక అన్నిటితోనూ పోలుస్తుంది బాబాయ్. ఎన్ని తగిలితే అన్ని చోట్లా వేస్తుంది.”

“అంటే నా పరుగు తప్పదన్నమాట.”

“తప్పదు.”

పొద్దుటి మెసేజినే మళ్లీ పంపింది. సర్వీసు పెట్టెలో పడింది. మెకానిక్ జేబులో ఫోనూ మోగింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

“నీకే పని పెరుగుతుందయ్యా. ఉంచమంటావా?” అన్నాడు చూడ్డానికొచ్చిన మేనేజరు.

“ఉంచండి. ఊరికే మెట్లెక్కితే కాళ్లు నొప్పెడతాయి, అంతే. పొద్దున ఆవిడ నా చెయ్యి ఎలా పట్టుకుందో మీరు చూళ్లేదు.”

“సరే, ఉండనీ,” అని మేనేజరు తన గదిలోకి వెళ్లిపోయాడు. ఆమె సంచి తీసి, ఇక తాను కూర్చోనక్కర్లేని కిటికీ పక్క కుర్చీలో పెట్టి, పనిలో పడింది.