గాలిలోకి వెళ్ళని వీడ్కోలు

నేను పనిచేసిన టీవీ స్టేషన్‌కి స్టేషన్ పోలికలేవీ ఉండేవి కావు. క్యారీ అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ నుంచి కారులో కాసేపు వెళ్తే ఒక చిన్న షాపుల వరుస వచ్చేది. అందులో టైర్ల షాపుకీ, బట్టలుతికే మెషీన్ల లాండ్రీకీ మధ్య ఒక గాజు తలుపు. దాని మీద చానెల్ నంబరు ఎండకు వెలిసిపోయి ఉండేది. లోపల ముందుగది, వెనక స్టూడియో, పక్కన కంట్రోల్ రూమ్. అంతే. లాండ్రీలో డ్రయర్లన్నీ ఒక్కసారి తిరిగితే మా గోడ సన్నగా వణికేది. లైవ్‌లో ఆ చప్పుడు వినిపించేది కూడా.

నాకు వర్క్ పర్మిట్ వచ్చిన ఏడాది అది. అంతకుముందు డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉన్నాను. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ చదివాను గానీ ఆ చదువుకి తుప్పు పట్టింది. ఈ చిన్న చానెల్‌కి కంట్రోల్ రూమ్‌లో కూర్చునే మనిషి కావాలని చూసి అప్లై చేశాను. మావారికి నవ్వొచ్చింది.

"అందరూ టెస్టింగ్ కోర్సులు చేస్తుంటే నువ్వు స్పానిష్ చానెల్‌లో చేరతానంటావేంటి? ఒక్క ముక్కైనా అర్థమవుతుందా నీకు?"

"బొమ్మ ఆగకుండా చూసుకోడానికి భాష ఎందుకు?" అన్నాను.

అప్పట్లో అది మంచి జవాబే అనుకున్నాను.

స్టేషన్ యజమాని డెబ్బై దాటిన మనిషి. మెక్సికో నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడి పొగాకు చేలల్లో ఆకు కోశాడట. ఆదివారాలు ఒక రేడియోలో గంటసేపు స్పానిష్ పాటలు వేసేవాడు. తర్వాత ఒక చిన్న చర్చి తన ప్రసంగాల కోసం పెట్టుకున్న చానెల్‌ని నడపలేక వదులుకుంటుంటే ఆయన తీసుకున్నాడు. అది తక్కువ శక్తితో నడిచే లో పవర్ స్టేషన్. సిగ్నల్ కొన్ని ఊళ్ళ మేర వెళ్తుంది. కేబుల్ వాళ్ళు దాన్ని చూపించాలనే నియమం లేదు కాబట్టి చూపించరు. ఇంటి మీదో కిటికీలోనో యాంటెన్నా ఉన్నవాళ్ళకే కనిపిస్తుంది. పైగా గాలిలో మా సిగ్నల్ నడిచే చోటు మీద చట్టం ప్రకారం మాకు గట్టి హక్కు లేదు. మన రైలు భాషలో చెప్పాలంటే, పెద్ద స్టేషన్లది రిజర్వేషన్ ప్రయాణం. మాది ఖాళీ సీటు చూసుకుని కూర్చున్న ప్రయాణం. టికెట్ ఉన్నవాళ్ళొస్తే లేవాలి.

రోజంతా ఎక్కడి నుంచో వచ్చే నెట్‌వర్క్ కార్యక్రమాలు నడిచేవి. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా మాత్రం మా సొంతం. ఆ గంట నడిపే ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. హోండురాస్‌లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేదట. ఇక్కడ పొద్దున్నే ఇళ్ళు శుభ్రం చేసే పనికి వెళ్ళి, పదకొండింటికి వచ్చి, బాత్రూమ్‌లో మనం చీర కట్టుకున్నంత శ్రద్ధగా గౌను వేసుకుని, లిప్‌స్టిక్ వేసుకుని కెమెరా ముందు కూర్చునేది. నన్ను "మిహా" అని పిలిచేది. మన "తల్లీ" లాంటి పిలుపు.

పుట్టినరోజులు చెప్పేది. తప్పిపోయిన కుక్కల సంగతి, ఏ క్లినిక్‌లో స్పానిష్ మాట్లాడే నర్సు ఉందో, మంచు పడితే ఏ స్కూలు ఆలస్యంగా తెరుస్తారో చెప్పేది. మధ్యలో ఒక వంట. చూసేవాళ్ళు ఫోన్లు చేసేవారు.

ఒకరోజు వంట మధ్యలో ఒకతను ఫోన్ చేశాడు. రెండు మాటలు అని ఆగిపోయాడు. ఆవిడ పొయ్యి ఆర్పేసి స్టూల్ మీద కూర్చుంది. అతన్ని ఏదో అడిగింది. అతను చెప్పాడు. మళ్ళీ అడిగింది. ఈసారి అతను ఏడుస్తూనే నవ్వాడు. నాకు ఒక్క మాట అర్థం కాలేదు గానీ కెమెరా ఆవిడ మొహం మీంచి కదపలేకపోయాను.

షో అయ్యాక ఇంగ్లీషులో అడిగాను.

"వాళ్ళ అమ్మ పోయింది" అంది. "అతనికి పేపర్లు లేవు. వెళ్తే మళ్ళీ రాలేడు. అందుకని అమ్మ పేరేంటి, నీకేం వండిపెట్టేది అని అడిగాను. బీన్స్ ఎప్పుడూ మాడ్చేసేదట."

తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ దొరకదేమోనన్న భయంతో చివరిచూపుకి వెళ్ళలేకపోయిన వాళ్ళు మా స్నేహితుల్లోనూ ఉన్నారు. ఆ రోజు ఇంటికెళ్తూ స్పానిష్ నేర్చుకోవాలనుకున్నాను. ఫోన్‌లో యాప్ పెట్టుకుని కొన్నాళ్ళు చేశాను, ఆపేశాను.

ఒకసారి పెద్దాయన నన్ను పిలిచి, "ఆదివారం పొద్దున అరగంట ఖాళీగా ఉంది. మీ వాళ్ళ కోసం ఏదైనా చెయ్యి, మీ భాషలో" అన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. ఆ వారాంతం ఒక పుట్టినరోజు పార్టీలో తెలుగువాళ్ళందరి ముందూ చెప్పాను.

"యాంటెన్నానా అమ్మా!" అన్నారు ఒక అంకుల్. "దాన్ని ఇండియాలోనే పీకేసి వచ్చాం గదా. ఇక్కడ ఇంటి మీద పెడితే కాలనీ సంఘం, ఆ హెచ్.ఓ.ఏ. వాళ్ళు ఊరుకుంటారా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "యూట్యూబ్‌లో పెట్టరాదూ, లింక్ షేర్ చేద్దాం" అంది ఇంకొకామె. నిజమే, ఎవరింట్లోనూ యాంటెన్నా లేదు. పెద్దాయనకి ఆ మాట చెప్తే, "పోనీలే, అడిగి చూశాం" అని ఆ అరగంటలో పాత బాక్సింగ్ పోటీలు వేశాడు. ఎవరూ చూడకపోయినా ఆ అరగంట తీసుకుని ఉండాల్సింది అని ఇప్పుడు అనిపిస్తుంది. ఇక్కడి గాలిలో తెలుగు ఒక అరగంట తిరిగి ఉండేది.

తర్వాత టికెట్ ఉన్నవాళ్ళు వచ్చారు. గాలిలోని చోటుని ప్రభుత్వం ఫోన్ కంపెనీలకి అమ్మింది. అక్కడి నుంచి జరిగిన పెద్ద స్టేషన్లు మా చోటుకి వచ్చాయి. మేం వేరే చానెల్‌కి మారాల్సి వచ్చింది. టీవీలో మెనూలోకి వెళ్ళి మళ్ళీ స్కాన్ చేస్తేనే మేం కనిపిస్తాం. ఎలా చెయ్యాలో ఆవిడ రిమోట్ చేత్తో పట్టుకుని వారాల తరబడి చెప్పింది. విన్నవాళ్ళు మర్చిపోయారు. మారిపోయాక చెబుదామంటే వాళ్ళకి మేం కనబడం. ఫోన్లు పల్చబడ్డాయి.

"రా మిహా, ఇళ్ళకే వెళ్దాం" అంది ఆవిడ.

శనివారాలు నేను డ్రైవ్ చేసేదాన్ని. మొబైల్ హోమ్‌లు వరసగా ఉండే కాలనీల్లో ఆవిడ తలుపులు తట్టేది. ఒకచోట తలుపు తీసిన ముసలావిడ రెండు చేతులతో ఆవిడ బుగ్గలు పట్టుకుంది.

"నిన్ను పంపించేశారనుకున్నానే! టీవీ నల్లగా అయిపోతే, పట్టుకుని మీ దేశం పంపించేశారనే అనుకున్నా. నీ పేర కొవ్వొత్తి వెలిగించాను" అందట.

నేను కార్పెట్ మీద కూర్చుని రిమోట్ నొక్కాను. స్కాన్ అయి మా చానెల్ తెర మీదికి రాగానే ముసలావిడ చప్పట్లు కొట్టింది. మాకు కాఫీ ఇచ్చింది. అలా వెళ్ళగలిగినన్ని ఇళ్ళకి వెళ్ళాం. వెళ్ళలేని ఇళ్ళే ఎక్కువ. వాళ్ళందరూ మేం చెప్పకుండా వెళ్ళిపోయామనే అనుకుని ఉంటారు.

ఆ మార్పు నుంచి స్టేషన్ తేరుకోలేదు. ప్రకటనలు ఇచ్చే టైర్ల షాపులూ, టాక్స్ ఆఫీసులూ ఫోన్ల వైపు వెళ్ళిపోయాయి. పెద్దాయనకి గుండె ఆపరేషన్ అయింది. తిరిగి వచ్చినరోజు ముందుగదిలో నిలబడే మాతో చెప్పాడు.

"అమ్మేశాను. కొన్నవాళ్ళకి స్టూడియో అక్కర్లేదు, మీరూ అక్కర్లేదు. గాలిలో మన చోటు చాలు వాళ్ళకి. నన్ను క్షమించండి."

ఆవిడ ఆయన కోటు గుండీ సరిచేసి, "ముందు కూర్చోండి" అంది.

చివరి రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి వాళ్ళ ప్రసారం మొదలవ్వాలి. అంటే ఆవిడ గంట ఆవిడకి ఉంటుంది. కొన్న కంపెనీ వేరే టైమ్ జోన్‌లో ఉంది. వాళ్ళకి పన్నెండయితే మాకు ఒంటిగంట. ఆ తేడా ఎవరో మర్చిపోయి మా పన్నెండుకే పెట్టేశారు. ఆవిడ కెమెరా వైపు తిరిగి నమస్కారం చెప్పిన క్షణంలోనే, గాలిలోంచి మా ప్రసారాన్ని పట్టి చూపించే టీవీలో వాళ్ళ నగలమ్మే కార్యక్రమం వచ్చి నెక్లెస్‌లు తిరగడం మొదలైంది. ఒక అమ్మాయి మెడ మీద ఎర్రరాయి మెరుస్తోంది.

నేను వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేశాను. రికార్డు చేసిన గొంతు పలికింది. ప్రసారం మార్చే స్విచ్ టవర్ దగ్గరుంది. అక్కడికి వెళ్ళేసరికి షో అయిపోతుంది. మైక్ నొక్కి ఆవిడకి చెప్పబోయాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. మాట్లాడనీ."

ఆవిడ మాట్లాడింది. వంట చేయలేదు. కాగితం లేకుండా చాలామంది పేర్లు చెప్పింది. మధ్యలో ఒకసారి నవ్వింది, ఒకసారి కళ్ళు తుడుచుకుంది. పెద్దాయన స్టూడియో గాజుకి ఇవతల, నా పక్కన నిలబడి ప్రతి మాటా విన్నాడు. నాకు అక్కడక్కడ ఒక ముక్క తెలిసింది: పిల్లలు, మంచు, అన్నం, థాంక్స్. మా రికార్డర్ కూడా ఆ టీవీకే కలిపి ఉండేది. దాంట్లో ఉన్నది నెక్లెస్‌లు.

అయిపోయాక ఆవిడ బయటికి వచ్చి, "ఎలా వచ్చింది?" అని అడిగింది.

"చాలా బాగా వచ్చింది" అన్నాడు పెద్దాయన.

కొన్నాళ్ళకి ఆవిడే నాతో అంది, "నాకు అప్పుడే తెలుసు మిహా. ఒక్క ఫోనూ రాలేదుగా. ఆయన అక్కడ నిలబడి వింటున్నాడని ఆపలేదు."

వాళ్ళిద్దరూ ఆ సంగతి మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. తర్వాతి చలికాలంలో పెద్దాయన పోయాడు. చర్చిలో వెనక వరసల దాకా జనం నిలబడ్డారు.

నేనిప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాను. వీడియోలు పోకుండా దాచే పని. మావారు దీన్ని అసలైన ఉద్యోగం అంటారు. ఆవిడ దగ్గర్లోని డర్హమ్‌లో ఒక బేకరీలో చేస్తోంది. కొన్నాళ్ళు ఫోన్‌లో వీడియోలు పెట్టి మానేసింది. స్పానిష్ క్లాసుకి ఈమధ్యే వెళ్తున్నాను. వచ్చీరాని ఆ భాషలోనే ఒకరోజు అడిగాను, ఆ చివరి గంట మళ్ళీ చెబితే నేను రికార్డు చేస్తానని.

"ఇప్పుడు ఎవరికి చెప్పను?" అంది, బేకరీ కౌంటర్ తుడుస్తూ. "అందరూ ఇక్కడికే వస్తున్నారు, బ్రెడ్ కొనుక్కోడానికి."

తుడిచే గుడ్డ పక్కన పెట్టి, "అందరూ కాదులే" అని ఖాళీ ట్రే తీసుకుని లోపలికి వెళ్ళింది.