నున్నబడిన అంచు

దసరా దగ్గర పడితే మా వర్క్‌షాపులోంచి రెండు వాసనలు కలిసి వస్తాయి, కిరసనాయిలూ సాంబ్రాణీ. వాటి వెనకే ఉప్పుకాగితం ఇనుము మీద గరగరలాడే చప్పుడు. ఆయుధపూజకు లేతు మిషన్లూ, వైసులూ, సుత్తులూ, ఆఖరికి మూలన పడేసిన డ్రిల్లు ముక్కలూ తోమి తళతళలాడించాల్సిందే. ఇది ప్రొద్దుటూరు, బంగారం అంగళ్ల ఊరు. మెరవని దాన్ని మేము లెక్కచెయ్యం. నిన్న పొద్దున ఆ చప్పుడు చెవిన పడగానే పాఠం మధ్యలో ఆగిపోయాను. "ఏమైంది షాహీన్ మేడమ్" అన్నారు పిల్లలు. ఏమీ లేదన్నాను. నాకు గుర్తొచ్చింది దానియేలు సార్.

సార్ మా కాలేజీలో మెకానికల్ శాఖకు పెద్ద. జమ్మలమడుగు మనిషి, తాతల కాలం నుంచీ క్రైస్తవ మిషనరీల కాంపౌండులో పెరిగిన కుటుంబం. తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో ఎప్పుడూ ఒక పాత టూత్‌బ్రష్షు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఆ బ్రష్షు చూసి ఈయనకు మతి సరిగ్గా ఉందా అనుకున్నాను. అది పళ్లకు కాదు, రాకెట్టుకు. పిల్లలతో కలిసి మనిషెత్తు రాకెట్లు తయారుచేసి ఎగరేసే క్లబ్బు ఒకటి నడిపేవారు సార్. నాకు నోరు ఎక్కువని ప్రిన్సిపాలుకు తెలుసు గనక, అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే పనికి నన్ను ఆయన కింద వేశారు.

ఆ రాకెట్టుకు ప్రాణం లోపలుండే అల్యూమినియం గొట్టం. అందులో కొని తెచ్చిన మందు దిమ్మలు పేర్చి, రెండు చివరలా మూతలు పెడతారు, కింది మూతలో మంట బయటికి పోయే రంధ్రం ఉంటుంది. మూత ఊడిరాకుండా గొట్టం లోపలి గాడిలో ఒక ఉక్కు రింగు కూర్చోబెడతారు. మందు మండిపోతుంది, గొట్టం మిగులుతుంది. గుడ్డ గొడుగుతో నేలకు దిగిన రాకెట్టులోంచి దాన్ని బయటికి తీసి, కడిగి, మళ్లీ వాడుకోవచ్చు. మొదటిసారి సింహాద్రిపురం పక్క చేలో ఎగరేసినప్పుడు అది మేఘం దాకా పోయి వచ్చింది. ఊరంతా ఈలలు వేస్తుంటే సార్ మాత్రం బకెట్టు ముందు గొంతుక్కూర్చుని, గొట్టాన్ని చంటిబిడ్డను కడిగినట్టు బ్రష్షుతో కడిగారు. ఆ రోజు నేను ఆయన్ని చూసి నవ్వాను గానీ, ఆ తర్వాత ఇంట్లో నా కుట్టుమిషను కూడా అట్లే తుడుచుకోవడం మొదలుపెట్టాను.

పిల్లలకు ఒక్క ఎగురుడు చాలదు కదా. గొట్టాన్ని కొంచెం పొడుగు చేద్దామని ఒకడు, లోపల కాస్త తొలిచి ఇంకా మందు పట్టిద్దామని ఇంకొకడు. లేతు మిషను మన దగ్గరే ఉండాది, ఎంతసేపు పని సార్ అని బతిమాలారు. సార్ కోప్పడలేదు. అందరినీ పక్కనే ఉన్న టీ అంగడికి తీసుకుపోయి కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పారు.

"మా మామకు పులివెందులలో పంచరు అంగడి ఉండె. గాలి ట్యాంకు కారతాందని ఆయనే అతుకేసినాడు. శానా బాగా ఏసినాడప్పా, చూస్తే కొత్తదాని మాదిరి. ఒకనాడు అది పగిలి, పనిచేసే పిల్లోని కన్ను పోయింది. అతుకేసినోడు మంచోడే. మంచోడు చేసినాడని ట్యాంకుకు తెల్దు కదా."

"మీ మామ ఏమయ్యాడు సార్?" అన్నాను.

"ఇంగ రెంచి పట్టల్యా. అన్నం ముద్ద ఎత్తినా చెయ్యి వణికేది. సచ్చేదాకా అంతే."

గొట్టం పొడుగు చేద్దామన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇక ఓబులేసన్న గురించి చెప్పాలి. వర్క్‌షాపు అటెండరు. సింహాద్రిపురం పక్క పల్లె. మేము రాకెట్టు ఎగరేసిన చేను వాళ్ల అన్నదే. ఆ రోజు నుంచీ రాకెట్టు తనదే అన్నట్టు ఉండేవాడు. రెండోసారి ఎగరేయడం దసరా దాటాక, శనగ విత్తేలోపు నేల ఖాళీగా ఉన్నప్పుడని ఖాయమైంది. అంతే, ఆ పల్లెలో బంధువులను పిలవడం మొదలుపెట్టాడు. పెండ్లికి కూడా అంత మందిని పిలిచి ఉండడు.

ఆయుధపూజ ముందు వర్క్‌షాపు తాళాలు ఓబులేసన్న చేతిలో ఉన్నాయి. పూజ నాడు మేము లోపలికి పోయేసరికి, లేతు మిషను ముందు పసుపు బట్ట మీద గొట్టం పెట్టి ఉంది. అబ్బ, ఏం మెరుపు. పిల్లలు కేరింతలు కొట్టారు. చివర్లో కుంకుమ బొట్టు, చామంతి పూలు. సార్ కూడా చేతులు కట్టుకుని, నవ్వు ముఖంతో గుమ్మడికాయ కొట్టేదాకా నిలబడ్డారు. ఎవరి పూజైనా ఆయన అంతే మర్యాదగా నిలబడేవారు.

"ఈ గొట్టం నోరు మొన్న మన క్లబ్బు పాప వేలు కోసింది సార్," అన్నాడు ఓబులేసన్న, దాన్ని రెండు చేతులా ఎత్తి సార్‌కు అందిస్తూ. "పనిముట్టు చెయ్యి కరవకూడదు. అందుకే లోపలా బయటా ఉప్పుకాగితం పట్టించినా. ఆ గాడి అంచులు కూడా నున్నగా తీసినా. తడమండి, ఎన్నపూస మాదిరుండాది."

సార్ బొటనవేలి గోరు లోపలికి పెట్టి ఒక చుట్టు తిప్పారు. గోరు ఎక్కడా ఆగలేదు. ఆగాలి. ఆ గాడి అంచు పదునుగా నిలువుగా ఉంటేనే ఉక్కు రింగు పట్టుకుంటుంది. అంచు గుండ్రమైతే, లోపల మంట ఒత్తిడికి రింగు జారుతుంది, మూత ఎగిరి వస్తుంది. ఎవరి మీదికి వస్తుందో చెప్పలేం. ఇదంతా నాకు ఆయనే నేర్పారు గనక, ఆ గోరు ఆగకపోవడం చూడగానే ఈ గొట్టం ఇక ఎగరకూడదని నాకు అర్థమైంది.

"శానా బాగా చేసినావప్పా," అన్నారు సార్. అంతే అన్నారు.

ఆ సాయంత్రం నేను ఆయన గదిలో కూర్చుని వాదించాను. ఆ చివర కోసేసి కొత్త గాడి తొలిపిద్దాం, మన దగ్గర మిషను ఉంది కదా అని పిల్లలు అడిగినట్టే అడిగాను. సార్ తల అడ్డంగా తిప్పారు. "కోస్తే అది కంపెనీవాళ్లు పరీక్ష పెట్టి పంపిన గొట్టం కాదమ్మా, మనం చేసిన గొట్టం అయితాది. దాని బలమెంతో మనకెవరు చెప్తారు? చేని గట్టు మీద ఓబులేసు చుట్టాలంతా నిలబడి ఉంటారు."

"అయితే జరిగింది చెప్పండి సార్. ఆయన చేసిన పని ఆయనకు తెలియొద్దా?"

"చెప్తే వాని చెయ్యి చెడిపోతాది. ఇంగ ఏ మిషను తాకినా వణుకుతాది. మా మామను చూసినా గదా." గొట్టాన్ని పసుపు బట్టలో చుట్టి పెడుతూ, "పాపం, పాప వేలు తెగిందని చేసినాడమ్మా" అన్నారు. తర్వాత నా చేత మాట తీసుకున్నారు. నోరు ఎక్కువని పేరున్న నా చేత.

మర్నాడు ప్రిన్సిపాలు దగ్గర, తన లెక్కల్లో తప్పు దొర్లిందనీ, ఈ రాకెట్టు ఎగరేయదగ్గది కాదనీ చెప్పారు. అప్పటికే పెద్దలను పిలిచి ఉన్నారు, బ్యానర్లు కట్టి ఉన్నారు. ప్రిన్సిపాలు అన్న మాటలు ఇక్కడ రాయను. క్లబ్బు మూసేశారు. కొత్త గొట్టం అడిగి ఉంటే పాతదానికి ఏమైందో చెప్పాల్సి వచ్చేది, ఇక అడగడానికి క్లబ్బే లేదు. పిల్లలు ముఖం తిప్పుకున్నారు. అందరికంటే ఎక్కువ తిప్పుకున్నది ఓబులేసన్న. పిలిచిన చుట్టాల ముందు తల కొట్టేసినట్టయింది ఆయనకు. "ముసలాయనకు పిరికితనం పట్టుకున్యాది. అంత బాగా తోమి ఇచ్చినా, ఎగరేసే గుండె లేకపాయ," అని వరండాలో, సార్‌కు వినపడేలా అన్నాడు. సార్ విన్నారు. బ్రష్షు జేబులో సర్దుకుని క్లాసుకు పోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు.

సార్ రిటైరై జమ్మలమడుగు వెళ్లిపోయారు. ఆయనకు ఆ రెండో ఎగురుడు చూడాలని ఎంత ఉండేదో నాకు తెలుసు. చూడనే లేదు. మంచం పట్టాక నేను చూడ్డానికి పోతే, కిటికీలోంచి ఆకాశం కనిపించేలా మంచం జరిపించుకుని ఉన్నారు. ఓబులేసన్న ఇప్పటికీ పిరికివాడనే అంటున్నాడని ఉక్రోషం పట్టలేక చెప్పేశాను. ఇప్పుడైనా నిజం చెప్పనివ్వమన్నాను.

"ఇంగా పని చేస్తాండాడా?"

"చేస్తాండాడు సార్."

"అయితే వద్దు."

ఆయన్ని మట్టి చేసిన రోజు కాలేజీ నుంచి బస్సు వేశారు. ఓబులేసన్న ఎక్కలేదు. మెకానికల్ వాళ్లలో రానిది ఆయనొక్కడే. సమాధి మీద మట్టి వేస్తూ నేను ఏడ్చింది సార్ పోయినందుకు మాత్రమే కాదు. ఒక మంచి మనిషిని మరో మంచి మనిషి తప్పుగా అనుకుంటూనే ఉంటే, మధ్యలో నేను రాయిలా నిలబడాల్సి వచ్చినందుకు కూడా.

ఓబులేసన్నకు ఈ నెలతో సర్వీసు అయిపోతుంది. అందుకే నిన్న ఆ చప్పుడు విని, క్లాసు ముగియగానే వర్క్‌షాపుకు పోయాను. పని చేస్తున్నంత వరకే సార్ వద్దన్నారు. ఇక ఆ చెయ్యి ఏ మిషనూ పట్టేది లేదు. ఈసారి చెప్పేస్తానని, దారిలో మాటలు కూడా కూర్చుకున్నాను.

క్లబ్బు మూసేసినప్పటి నుంచీ అద్దాల బీరువాలో ఉన్న గొట్టాన్ని ఆయన బయటికి తీసి, గుడ్డతో తుడుస్తున్నాడు. ప్రతి ఆయుధపూజకూ తీస్తాడు. పక్కనే పని నేర్చుకునే పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు.

"రా మేడమ్," అన్నాడు. "మనసులో మాట చెప్పేదా? ఆ సార్‌ను నేను శానా మాటలన్యా. పోయినోళ్ల మీద ఏం కోపం లే. కానీ ఒకటి మటుకు అడగాలనుండె. ఏంటికి ఎగరనీయల్యా అని." గొట్టం నోటిని పిల్లల వైపు తిప్పాడు. "ఇన్నేండ్లు ఎంతమంది పట్టుకోని చూసినారు. ఒక్కరి వేలన్నా తెగల్యా. నా సర్వీసులో నేను చేసిన పనుల్లో ఇదే మేలైంది."

నా వైపు చాచాడు. చెయ్యి వణకడం లేదు. రిటైరయ్యే వయసులో ఎంత నిలకడగా ఉందో ఆ చెయ్యి.

దారి పొడుగునా కూర్చుకున్న మాటలు నోట్లోనే ఉన్నాయి. బొటనవేలి గోరు లోపలికి పెట్టి ఒక చుట్టు తిప్పాను. ఎక్కడా ఆగలేదు.

"శానా బాగా చేసినావన్నా," అన్నాను.